నాన్న సరుకు కాదు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు టాంపెరె ఆసుపత్రి మార్చురీ నుంచి నాన్నను తీసుకుని బయల్దేరడం, పదిన్నరకల్లా సొంత ఊరు కోర్తెయార్వి చేరి కాఫీ తాగడం, ఒంటి గంటకు చర్చిలో ఉండడం. రైమో రొంప్పానెన్ వేసుకున్న పథకం ఇదీ. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. దూరం నూట పది కిలోమీటర్లు. జనవరి కాబట్టి మైనస్ పద్దెనిమిది చలి. కారు బావ యోర్మాది, కొని మూడు నెలలైంది, వెనక సీట్లు మడిస్తే మంచమంత చోటుంటుంది. శవాల బండి మాట్లాడుకోవచ్చు కదా అని మా ఊళ్ళో ఎవరూ అనలేదు. పోయినవాళ్ళను సొంత కారులో తెచ్చుకోవడం మా దగ్గర చట్టానికి సమ్మతమే. పైగా పోయిన తావెత్తి రొంప్పానెనే బతికుండగా కాగితం మీద రాసి పెట్టాడు, తనను అద్దె బండిలో తేవద్దని.

తావెత్తి ముప్పై ఒక్క ఏళ్ళు టాంపెరె నుంచి కోర్తెయార్వికి బస్సు నడిపిన మనిషి. ఆయన పోయి పదహారు రోజులైంది. ముందురోజు సాయంత్రం ఆయన భార్య సైమి కూతురు హెల్లెవికి ఫోను చేసి ఒకే ఒక్క మాట చెప్పింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో మీ నాన్న ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా రాలేదు." అని పెట్టేసింది.

"విన్నావుగా," అంది హెల్లెవి తమ్ముడు రైమోతో. "ఒంటి గంటంటే ఒంటి గంటే. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా అమ్మ మనల్ని ఈ జన్మకి క్షమించదు."

"ఇంకేమైనా అందా?"

"లేదు."

"నువ్వేమైనా అడిగావా?"

"ఏం అడుగుతాన్రా?"

మా వాళ్ళ గుణం అది. అడగనిది చెప్పడం గొప్పలు పోవడం, చెప్పనిది అడగడం కూపీ లాగడం. ఈ రెండూ చేయకుండానే మా దగ్గర మనిషి పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఒకరోజు పోతాడు. తావెత్తి అలాగే పోయాడు. చివరిసారి రైమో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తండ్రీకొడుకులు గంటన్నర కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నారు. ఆ గంటన్నరలో ఏదో ఒకటి మాట్లాడి ఉండాల్సిందని రైమో పదహారు రోజులుగా నిద్రపోలేదు.

తావెత్తి బాగా పొడగరి. ఆయన పొడుగు చూసి శవపేటికలు చేసే ఆసామి మామూలు పెట్టె బదులు జానెడు పొడవు ఎక్కువున్నది పంపాడు. ఆ సంగతి చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆసుపత్రి మనిషి ఒక పక్క, రైమో ఒక పక్క పట్టుకుని పెట్టెను కారులోకి నెట్టారు. బాగానే వెళ్ళినట్టు కనిపించింది. రైమో డిక్కీ తలుపు దించాడు. అది పూర్తిగా పడలేదు. కొత్త కారు కదా, బిగువుగా ఉందనుకుని రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కాడు. వెనక అద్దం మొత్తం ఒక్కసారిగా పటికబెల్లం పలుకుల్లా అయిపోయి, సగం పెట్టె మీదా సగం మంచులోనూ పడింది.

హెల్లెవితో సహా ముగ్గురూ వంగి చూశారు.

"పగిలింది," అన్నాడు ఆసుపత్రి మనిషి.

"అవును," అన్నాడు రైమో.

"ముందు సీటు కూడా మడిస్తే ఇంకో జానెడు లోపలికి పోయేది."

"ముందే చెప్పొచ్చుగా."

"మీరు అడగలేదు."

ముందు సీటు మడిచారు. పెట్టె హాయిగా లోపలికి పోయింది. హెల్లెవి చేతి తొడుగుతో పెట్టె మూత మీది గాజు పలుకులు ఒక్కొక్కటే దులిపింది, బిడ్డ మొహం తుడిచినట్టు. ఆసుపత్రి మనిషి ఇచ్చిన నల్ల చెత్త సంచిని కోసి, టేపు వేసి, అద్దం ఉండాల్సిన చోట అంటించారు. ఆ చలికి టేపు అంటుకుంటేనా? రెండో సిగ్నలు దగ్గరే సంచి ఎగిరిపోయింది. కారు వేగం పెంచే కొద్దీ రోడ్డు మీది మంచుపొడి, ఉప్పు, ముందుపోయే లారీల పొగ, అన్నీ సుడి తిరిగి లోపలికి వచ్చాయి. డ్రైవరు వెనక మిగిలిన ఒక్క సీట్లో కూర్చున్న హెల్లెవి టోపీ తెల్లబడింది. పెట్టె మీద పెట్టిన పూలదండ నల్లబడింది.

"ఒరే, ఆపు," అంది. "నాన్న ఈ రోడ్డు మురికి కొట్టుకుని చర్చికొస్తాడా? పైగా చర్చి ముందు మీ బావ నిలబడి ఉంటాడు. ఈ కారుని ఆయన రోజూ రెండుసార్లు తుడుస్తాడు. నన్ను ఏడాదికోసారైనా అలా చూడడు."

అప్పటికి తొమ్మిది. గంటన్నరలో అద్దం వేయించుకున్నా పన్నెండుకల్లా ఊళ్ళో ఉండొచ్చు. రైమో లెక్క సరైనదే. నగరం చివర పెట్రోలు బంకు పక్కన శనివారం కూడా తెరిచి ఉండే అద్దాల షాపు ఒకటుంది, అక్కడే టైర్లు కూడా మారుస్తారు. యజమాని ఓస్మో అరవై ఏళ్ళ మనిషి, కౌంటరు వెనక రొట్టె తింటున్నాడు.

"కారు వెనక అద్దానికి ఎంతవుతుందండి?" అన్నాడు రైమో.

"మూడొందల యాభై నుంచి."

"యూరోలేనా?"

"యూరోలే. అద్దంలో వేడి తీగలున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే నాలుగొందల ఇరవై. రేడియో ఏంటెనా అద్దంలోనే ఉందా, పైన ఉందా?"

రైమో బయటికి వెళ్ళి చూసి వచ్చాడు. "పైన లేదు."

"అయితే అద్దంలోనే. ఐదొందలు. అద్దం తెల్లదా, నల్లదా?"

"నల్లది."

"ఐదొందల అరవై. వైపర్ ఉందా?"

"ఉంది."

"దానికి కన్నం ఉన్న అద్దం వేరే. కంపెనీ అద్దం కావాలా, బయటిది కావాలా? బయటిదైతే వందన్నర తగ్గుతుంది."

"బయటిది."

"బయటిది లేదు. బుధవారం వస్తుంది. కంపెనీది ఒకటుంది. గమ్ము, కూలీ, లోపలి ముక్కలు ఊడ్చడం, అన్నీ కలిపి ఎనిమిదొందల తొంభై." ఓస్మో రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగి, అప్పుడు అన్నాడు. "ఇన్సూరెన్సు ఉందా?"

"బావ పేరు మీద ఉంది."

"అయితే ఇంతసేపు ఎందుకండీ? వాళ్ళకి ఫోను చేయండి. మీరు రెండొందలు కడితే మిగతాది వాళ్ళిస్తారు. ఏం తగిలి పగిలింది అనేదాన్ని బట్టి."

ఆ చివరి మాట వినగానే రైమో తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మూడేళ్ళ కిందట చెక్క పలకలు తెస్తూ ఇలాగే సొంత కారు అద్దం పగలగొట్టుకున్నాడు. బీమావాళ్ళు పైసా ఇవ్వలేదు. లోపల వేసుకున్న సరుకు తగిలి పగిలితే మా పూచీ కాదని పాలసీ పుస్తకంలో వేలు పెట్టి చూపించారు. ఆ పుస్తకం రైమోకు ఇప్పటికీ నోటికి వచ్చు.

అతను టైర్ల వరసల మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. వెనక అద్దం లేని కారులో నాన్న కనిపిస్తున్నాడు. నాన్న అంటే పెట్టె. పెట్టె అంటే సరుకేనా? పెట్టెలో ఉన్నది నాన్న కదా. ఈయన భుజాల మీద కూర్చుని తను గుర్రం ఆట ఆడాడు. చలికాలం సెలవుల్లో ఈయన బస్సు మొదటి సీట్లో టిక్కెట్టు లేకుండా ఊరేగాడు. ఎవరో ఒక పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన నాన్న చెక్క పలకలతో సమానమైపోతాడా? రైమోకు ఒక్కసారిగా కోపం, దుఃఖం కలిసి వచ్చాయి. ఎనిమిదొందల తొంభై యూరోల సంగతి నిజంగానే మర్చిపోయాడు. నాన్న సరుకు కాదు, అంతే.

శనివారం కావడంతో బీమా కంపెనీ ఫోను ఇరవై అయిదు నిమిషాలు సంగీతం వినిపించింది. ఆ తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"అద్దానికి ఏం తగిలిందండి?"

"కాళ్ళు," అన్నాడు రైమో. పెట్టె కాళ్ళవైపే తగిలింది కనుక అది అబద్ధం కాదు.

"ఎవరి కాళ్ళు?"

"మా నాన్నవి."

"ఆయన ఎక్కడ కూర్చున్నారు?"

"కూర్చోలేదు. వెనకాల పడుకున్నారు."

"అంటే ప్రయాణికుడేనా?"

"ప్రయాణికుడే," అన్నాడు రైమో, కొంచెం గట్టిగానే.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు."

"ఆయనతో ఒకసారి మాట్లాడొచ్చా?"

"ఆయన మాట్లాడరు."

"స్పృహలో ఉన్నారా?"

రైమో అబద్ధమాడే మనిషి కాదు. "లేరు."

"ఊపిరి తీసుకుంటున్నారా?"

"లేదు."

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. "మీరు ఎక్కడున్నారో చెప్పండి," అంది ఆ అమ్మాయి, గొంతు మారిపోయి. రైమో షాపు పేరు, వీధి పేరు చెప్పాడు. "అక్కడే ఉండండి. కదలకండి. మనుషుల్ని పంపిస్తున్నాను." అని పెట్టేసింది.

"ఏమన్నారు?" అన్నాడు ఓస్మో.

"మనుషుల్ని పంపిస్తున్నారు."

"శనివారం పూట?" ఓస్మోకు గౌరవం కలిగింది. "పర్లేదే. సరే, కారు లోపలికి తెండి. ముందు డిక్కీలో సామాను దించండి."

"సామాను కాదు," అన్నాడు రైమో.

"మరేంటి?"

"మా నాన్న."

ఓస్మో బయటికి వచ్చి చూశాడు. టోపీ తీశాడు. "ఎన్నింటికి?" అన్నాడు.

"ఒంటి గంటకి. కోర్తెయార్విలో."

ఓస్మో గోడ గడియారం చూశాడు. పది దాటింది. "షెడ్డులో ఇరవై డిగ్రీలుంటుంది," అన్నాడు ఇబ్బందిగా. "గమ్ము పట్టుకోవాలంటే వేడి కావాలి. ఆయనకేమో..."

"చలి కావాలి," అంది హెల్లెవి. "దించండి."

అలా తావెత్తి రొంప్పానెన్ పెట్రోలు బంకు పక్కన పెరట్లో, పేర్చిన ఎనిమిది టైర్ల మీద పడుకున్నాడు. హెల్లెవి పూలదండను మంచుతో రుద్ది మళ్ళీ పైన పెట్టింది. టైర్ల కోసం ఎదురుచూస్తున్న లావుపాటి మనిషి ఒకడు అది చూసి, టోపీ తీసి, తల దించుకుని పక్కన నిలబడ్డాడు. అతన్ని చూసి ఒక ముసలి జంట కారు దిగి వచ్చి నిలబడింది. వాళ్ళను చూసి పెట్రోలు కొట్టించుకుంటున్నవాళ్ళు వచ్చారు. ఇక్కడేదో ఏర్పాటై ఉంది, మిగతావాళ్ళకు అంతా తెలుసు, తనకొక్కడికే తెలియదు అని ప్రతివాడూ అనుకున్నాడు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. బంకులో పనిచేసే ఆమె సమాధుల మీద పెట్టే కొవ్వొత్తులు నాలుగు తెచ్చి మంచులో గుచ్చింది. ఇంకెవరో కాఫీ ఫ్లాస్కు, యాలకుల బన్నుల పళ్ళెం తెచ్చారు. అరగంటలో పద్నాలుగు మంది పోగయ్యారు. మౌనం మరీ సాగిపోయేసరికి ముసలాయన చిన్న గొంతుతో కీర్తన ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు.

పదహారు రోజులుగా రాని ఏడుపు రైమోకు అప్పుడొచ్చింది. పేర్లు తెలియని మనుషులు, కాలిన నూనె వాసన, నోళ్ళలోంచి పొగలా వచ్చే కీర్తన. వెక్కి వెక్కి ఏడ్చాడు. లావుపాటి మనిషి అతని వైపు చూడకుండానే ఒక బన్ను అందించాడు.

అంబులెన్సు అప్పుడే వచ్చింది, కూత పెట్టుకుంటూ. దాని వెనకే పోలీసు కారు. అంబులెన్సు కుర్రవాడు సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఊపిరి తీసుకోని పెద్దాయన ఎక్కడ?"

పద్నాలుగు మందీ చూపించారు.

"ఎంతసేపైంది?"

"పదహారు రోజులు," అన్నాడు రైమో.

కుర్రవాడు పెట్టె వైపు చూశాడు, కొవ్వొత్తుల వైపు చూశాడు. సంచీ మూసి, ఒక బన్ను తీసుకుని, వరసలో చివర నిలబడ్డాడు. పోలీసు ఆవిడ మాత్రం నిలబడలేదు. ముప్పై ఏళ్ళుంటాయేమో, పని తెలిసిన మనిషి.

"ఖననానికి ఇచ్చిన అనుమతి కాగితాలేవి?"

"కారులో ఉన్నాయండి. డ్రైవరు సీటు మీద."

"తెండి."

షెడ్డు గుమ్మంలో ఓస్మో చేతులు అడ్డం పెట్టాడు. "తలుపు తీయడానికి లేదండి. ఇప్పుడే అద్దం పెట్టాను. తలుపు తీసి వేస్తే లోపలి గాలి ఒత్తిడికి అద్దం కదులుతుంది. ఇంకో గంట ఆగాలి."

"కదిలితే ఏమవుతుంది?"

"ఇంకో అద్దం బుధవారం వస్తుంది."

పోలీసు ఆవిడ కారు కిటికీలోంచి తొంగి చూసింది. సీటు మీద కవరు స్పష్టంగా కనిపిస్తోంది, దాని లోపలిదే కనిపించడం లేదు. వెనక్కి వచ్చి, "చూడండి," అంది, "ఊపిరి తీసుకోని మనిషి ఉన్నాడని ఫోను వచ్చింది. వచ్చి చూస్తే టైర్ల మీద శవపేటిక. కాగితాలు లేవు. రూలు ప్రకారం నేను దీన్ని మార్చురీకి పంపించాలి. సోమవారం చూసుకుందాం."

"సోమవారమా?" అంది హెల్లెవి. ఆమె పెట్టెకూ పోలీసు ఆవిడకూ మధ్యకు వచ్చి నిలబడింది. "ఇదిగో అమ్మాయీ. అక్కడ ఎనభై ఒక్క ఏళ్ళ మా అమ్మ చర్చిలో కూర్చుని ఉంటుంది. ఒంటి గంటకి ఆయన రావాలి. ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళాలంటే ముందు నన్ను తీసుకెళ్ళు. పెట్టె పొడుగ్గానే ఉంది, ఇద్దరం పడతాం."

 పోలీసు ఆవిడ పద్నాలుగు మందినీ ఒకసారి చూసింది. తర్వాత టోపీ తీసి, గడియారం చూసుకుంటూ అక్కడే నిలబడింది. గంట సేపు అలాగే నిలబడింది. కాఫీ కూడా తీసుకుంది.

పదకొండూ నలభైకి ఓస్మో తలుపు తీసి, కవరు తెచ్చి ఇచ్చాడు. ఆసుపత్రికి ఫోను చేసి నంబరు సరిచూసుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. పెట్టె ఎత్తడానికి రైమో పిలవకుండానే ఆరుగురు వచ్చారు. ఓస్మో బిల్లులో ముక్కలు ఊడ్చిన కూలీ కొట్టేశాడు. "ఎనభై దాటొద్దు," అన్నాడు. "గతుకుల్లో నెమ్మది. దాటితే నా పూచీ లేదు."

బయల్దేరేసరికి పన్నెండూ అయిదు. మంచు గట్టిపడిన రోడ్డు మీద ముందు ఒక దుంగల లారీ, దాని వెనక వీళ్ళు. అమ్మకు ఫోను చేద్దామా అన్నాడు రైమో. ఏమని చేస్తావు అంది హెల్లెవి.  ఇంకా నలభై కిలోమీటర్లు ఉండగా కారు గడియారంలో అంకెలు మారాయి.

"అక్కా, ఒంటి గంటైంది."

"తెలుసురా."

"నా వల్లే."

హెల్లెవి వెనకనుంచి అతని భుజం మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి పెట్టె మీదే ఉంది. ఊరొచ్చేదాకా రెండూ తీయలేదు.

చర్చి చేరేసరికి ఒంటి గంటా ముప్పై నాలుగు. లోపల జనం నిండుగా కూర్చుని ఉన్నారు, పాస్టరు గారితో సహా. ఇంత ఆలస్యం ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు, మామూలే. యోర్మా మెట్లు దిగి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోవడంతో కొంచెం నిరాశపడి, పెట్టె పట్టుకోవడానికి చేతి తొడుగులు వేసుకున్నాడు. సైమి మాత్రం గుమ్మం బయటే నిలబడి ఉంది, ఆ చలిలో, చేతిగడియారం కోటు పైకి లాక్కుని.

రైమో ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పదేళ్ళలో మాట్లాడనన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడాడు. పెట్టె, అద్దం, వేడి తీగలు, టైర్లు, పోలీసు, అంతా చెప్పాడు. "నాన్న తప్పు కాదమ్మా. నాన్న ఆలస్యం చేయలేదు. నేనే చేశాను. ఆయన పేరు నేనే పోగొట్టాను." అని ఆగాడు.

సైమి గడియారం మీంచి కళ్ళు తీయలేదు.

"ముప్పై నాలుగు నిమిషాలు," అంది.

"అవునమ్మా."

"మా పెళ్ళైన ఏడాది. మీ అక్క కడుపులో ఉంది. పాలకేంద్రం స్టాపు దగ్గర బస్సు కోసం పరిగెత్తుకొస్తున్నాను, పాతిక అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన చూశాడు. చెయ్యి కూడా ఊపాడు. టైమైందని బస్సు కదిలించాడు. ఆ మంచులో తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు, ఆయనా అడగలేదు." ఆమె గడియారం మీద పడిన మంచు వేలితో తుడిచింది. "ఒక్కసారి, ఒక్కసారి ఈ మనిషి ఆలస్యంగా రావాలి, నేను నిలబడి చూడాలి. యాభై తొమ్మిదేళ్ళుగా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. నిన్న సాయంత్రం ఇంక ఆశ లేదనిపించింది. అందుకే ఆ బాధ చెప్పుకోవడానికి అక్కకి ఫోను చేశాను."

"నువ్వు ఆ మాట అన్నది అందుకా?" అంది హెల్లెవి.

"మరెందుకు?"

ఆమె కారు దగ్గరికి నడిచి వెళ్ళి, కొత్త అద్దంలోంచి పెట్టెను చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకెవరికీ తెలియలేదు. ఎవరమూ అడగలేదు. "నేను ఇక్కడే ఉన్నానయ్యా," అంది అద్దం మీద అరచెయ్యి ఆనించి. "నువ్వొచ్చేదాకా ఆగాను."

మూడు వారాల తర్వాత యోర్మాకు బీమా కంపెనీ ఉత్తరం వచ్చింది. అద్దం సరుకు తగిలి పగల్లేదని, ప్రయాణికుడి కాళ్ళు తగిలి పగిలిందని వాళ్ళు ఒప్పుకున్నారు. ప్రయాణికుడు సీటుబెల్టు పెట్టుకోనందుకు మాత్రం పావు వంతు కోసేశారు.